ఫోన్ మార్చాలా, ఇంకో ఏడాది వాడాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు అరండల్‌పేటలో నాకు చిన్న మొబైల్ రిపేరు షాపుంది. పదమూడేళ్ళుగా ఇదే పని. జనవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, దసరా ఆఫర్లు మొదలవగానే మళ్ళీ ఒకసారి, కౌంటరు దగ్గరకొచ్చేవాళ్ళలో సగం మంది అడిగేది ఒకటే: "అన్నా, కొత్త మోడల్ వచ్చిందంట, మార్చెయ్యమంటావా?" షాపులో జనం ఉన్నప్పుడు ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి చెప్పే వీలుండదు. అందుకే నన్ను ఎక్కువగా అడిగేవాటికి జవాబులు ఇక్కడ రాసిపెడుతున్నాను. రిపేరు మీద బతికేవాణ్ణి కాబట్టి పాత ఫోన్ల వైపు మొగ్గుతానని మీకు అనిపించవచ్చు. అందుకే లెక్కలతో సహా చెబుతున్నాను. మార్చాల్సిన చోట మార్చమనే చెప్పాను.

నాది పోయినేడాది ఫోనే. ఈ ఏడాది మోడల్‌కి మారితే తేడా తెలుస్తుందా?

చాలామందికి తెలియదు. ఐఫోన్ 13 వచ్చింది 2021 సెప్టెంబరులో, 14 వచ్చింది 2022 సెప్టెంబరులో. రెండింటిలోనూ ఏ15 చిప్పే. రెండిటి స్క్రీనూ 6.1 అంగుళాలే, రిఫ్రెష్ రేటు (స్క్రీన్ మీది బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) 60 హెర్ట్జే, మెయిన్ కెమెరా 12 మెగాపిక్సెళ్ళే. 14లో గ్రాఫిక్స్‌కి ఒక కోర్ పెరిగింది, కెమెరా సెన్సర్ కొంచెం పెద్దదైంది, కారు ప్రమాదాన్ని గుర్తుపట్టే ఫీచర్ చేరింది. మన దేశంలో విడుదలైన రోజు రెండిటి ధరా ఒకటే, 79,900 రూపాయలు. అప్పట్లో బ్రాడీపేట నుంచి ఒక కుర్రాడు తన కొత్త 14నీ, స్నేహితుడి 13నీ పౌచ్‌లు వేసి నా కౌంటరు మీద పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమన్నాడు. పదమూడేళ్ళుగా ఫోన్లు విప్పుతున్న నేను కూడా సెట్టింగ్స్ తెరిచి మోడల్ పేరు చూసే చెప్పాను.

సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్22, ఎస్23, ఎస్24, ఎస్25 మామూలు మోడళ్ళు తీసుకోండి. నాలుగేళ్ళూ మెయిన్ కెమెరా 50 మెగాపిక్సెళ్ళు, అల్ట్రావైడ్ 12, మూడు రెట్ల జూమ్ లెన్స్ 10. చార్జింగ్ 25 వాట్లే. బ్యాటరీ 3,700 నుంచి 3,900కి, అక్కడి నుంచి 4,000 ఎంఏహెచ్‌కి వెళ్ళి ఆగింది. చిప్ ఏటా మారింది, నిజమే. ఎస్25లో ర్యామ్, అంటే యాప్‌లు నడిచేటప్పుడు వాడుకునే మెమరీ, అది కూడా 8 నుంచి 12 జీబీ అయింది. కానీ వాట్సాప్, యూట్యూబ్, ఫోన్‌పే, రెండు ఫొటోలు అనుకునే మనిషికి ఆ చిప్ తేడా అంతు చిక్కదు.

తక్కువ ధర ఫోన్లలోనూ ఇదే వరస. రెడ్‌మీ 12 5జీ 2023లో వచ్చింది, 13 5జీ 2024లో వచ్చింది. స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2 చిప్‌నే కొంచెం సానబట్టి మళ్ళీ వాడారు. చార్జింగ్ వేగం, కెమెరా అంకె పెరిగాయి.

దీన్ని నేను మోసం అనను. ఏటా వచ్చే మోడల్‌ని పోయినేడాది కొన్నవాళ్ళ కోసం చెయ్యరు. నాలుగేళ్ళ క్రితం కొని, ఈ ఏడాది ఎలాగూ మార్చాల్సినవాళ్ళు ఎప్పుడూ కొందరుంటారు. అది వాళ్ళ కోసం. ప్రకటన మాత్రం ఊరందరికీ కనబడుతుంది, అందుకే మనకీ మనసు లాగుతుంది.

మరి ఎన్నేళ్ళకి మారిస్తే డబ్బుకి తగ్గ తేడా ఉంటుంది?

నేను చూసినంతలో నాలుగేళ్ళు. మంచి ఫోనైతే ఐదు. పైన చెప్పిన ఐఫోన్ 13 వాడుతున్నవాళ్ళు 2025లో వచ్చిన 17కి మారితే స్క్రీన్ 60 హెర్ట్జ్ నుంచి 120కి, స్టోరేజ్ 128 జీబీ నుంచి 256కి, మెయిన్ కెమెరా 12 నుంచి 48 మెగాపిక్సెళ్ళకి వెళ్తాయి, లైట్నింగ్ కేబుల్ పోయి ఇంట్లో అందరూ వాడే టైప్-సి వస్తుంది. ఇది మొదటి రోజే తెలిసే తేడా. అదే మనిషి 14, 15, 16, 17 వరసగా కొని ఉంటే మూడు లక్షలకు పైగా బిల్లులు అయ్యేవి. ఎక్స్‌ఛేంజ్‌లో కొంత వెనక్కి వచ్చినా, చివరికి చేతిలో ఉండేది అదే 17.

ఫోన్ స్లో అయింది, హ్యాంగ్ అవుతోంది. కొత్తది కొనాల్సిందేనా?

ముందు స్టోరేజ్ చూడండి. నా దగ్గరకొచ్చే స్లో ఫోన్లలో ఎక్కువ భాగం నిండిపోయినవే. స్టోరేజ్ తొంభై శాతం దాటిందంటే ఫోన్‌కి ఊపిరాడదు. తాత్కాలిక ఫైళ్ళు పెట్టుకోడానికి చోటుండదు, కెమెరా తెరుచుకోవడం కూడా ఆలస్యమవుతుంది.

లక్ష్మీపురం నుంచి ఒక టీచరుగారు 128 జీబీ ఫోన్ తెచ్చి, "రిపేరు వద్దు బాబూ, ఎక్స్‌ఛేంజ్‌లో ఎంత వస్తుందో చెప్పు చాలు" అన్నారు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, దాంట్లో మేనేజ్ స్టోరేజ్ నొక్కాను. ఒక్క వాట్సాపే 41 జీబీ. అందులో ఒక బంధువుల గ్రూపు వాటా 17. శుభోదయాలు, పెళ్ళి వీడియోలు, ఒకే వీడియో ఆరుగురు పంపితే ఆరు కాపీలు. ఆవిడ పక్కనే కూర్చుని మనవరాలి ఫొటోలు ఏరి పక్కన పెట్టుకున్నారు, మిగతావి తీసేశాం. ముప్పావుగంట పట్టింది. ఆ ఫోన్ ఇప్పటికీ ఆవిడ చేతిలోనే ఉంది.

మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేసుకోండి. వాడని యాప్‌లు తీసేయండి. అప్పటికీ నెమ్మదిగానే ఉంటే, అన్నీ బ్యాకప్ తీసుకుని ఒక్కసారి ఫ్యాక్టరీ రీసెట్ చేసి చూడండి. ఆ తర్వాత కూడా ఫోన్‌పేలో క్యూఆర్ స్కాన్ చేయడానికి పది సెకన్లు పడుతుంటే అప్పుడు చిప్ పాతదైపోయినట్టు. మార్చుకోండి.

చార్జింగ్ ఎక్కట్లేదు. అటూ ఇటూ తిప్పితేనే ఎక్కుతోంది. ఫోన్ పని అయిపోయినట్టేనా?

మిర్చియార్డు సీజనులో ఈ కేసు నాకు రోజుకొకటి వస్తుంది. పోయిన మార్చిలో ఒక గుమస్తాగారు వచ్చారు. ఫోన్ జేబులో పెట్టుకుని పొద్దంతా టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య తిరిగే మనిషి. కొత్త ఫోన్ కోసం డబ్బులు కూడా తెచ్చుకున్నారు, దారిలో ఒకసారి చూపిద్దామని ఆగారు. దీపం కింద చార్జింగ్ రంధ్రంలోకి చూస్తే లోపలంతా ఇటుక రంగు. కారం, చొక్కా జేబులోని నూలు కలిసి చెమటకి గట్టిపడి అడుగున అట్టలా పేరుకుపోయింది. ఫోన్ ఆఫ్ చేసి సన్నటి చెక్క పుల్లతో అంచు నుంచి మెల్లగా లేపితే, రంధ్రం ఆకారంలోనే ఒక చిన్న బిళ్ళ ఊడి వచ్చింది. నాకు తుమ్ములు ఆగలేదు. కేబుల్ పెడితే టక్కుమని లోపలిదాకా దిగింది. ఆయన దగ్గర ఏమీ తీసుకోలేదు, దానికి డబ్బు తీసుకోవాలనిపించలేదు.

ఇంట్లో మీరే చేసుకోవచ్చు, కానీ పిన్నీసు మాత్రం వాడకండి. లోపలి పిన్నులు వంగితే ఖర్చు పెరుగుతుంది. వేరే కేబుల్, వేరే చార్జర్‌తో కూడా ఒకసారి చూడండి. అప్పటికీ ఎక్కకపోతే చార్జింగ్ పిన్ గానీ చార్జింగ్ బోర్డు గానీ మార్చాలి. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లకి అది కొన్ని వందల్లో అయ్యే పని.

బ్యాటరీ సాయంత్రానికే అయిపోతోంది.

బ్యాటరీ అరిగిపోయే సరుకు, స్కూటరు టైరు లాంటిది. టైరు అరిగిందని బండి మార్చం. ఐఫోన్ 14 వరకూ వచ్చిన మోడళ్ళ బ్యాటరీ 500 సైకిళ్ళ తర్వాత 80 శాతం సామర్థ్యం నిలబెట్టుకునేలా చేశామని, 15 నుంచి అది 1,000 సైకిళ్ళని ఆపిల్ చెబుతోంది. మొత్తం కలిపి వంద శాతం వాడితే ఒక సైకిల్. రోజుకొక సైకిల్ వాడేవాళ్ళకి 500 అంటే ఏడాదిన్నర కూడా కాదు.

దానికి తోడు మన ఎండలు. చుట్టూ 35 డిగ్రీల లోపు ఉన్నచోట వాడమని ఆపిల్ చెబుతుంది. గుంటూరులో మార్చి వచ్చేసరికే మధ్యాహ్నం 35 దాటుతుంది, రోహిణి కార్తెలో 44, 45 కూడా చూశాం. లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. బండి ముందు హోల్డర్లో ఎండలో ఫోన్ పెట్టి, మ్యాప్స్ నడిపిస్తూ, చార్జింగ్ కూడా పెట్టే డెలివరీ కుర్రాళ్ళ బ్యాటరీలు ఏడాదికే ఉబ్బుతున్నాయి. వాళ్ళకి వేరే దారి లేదు, అందుకే కనీసం పైన ఒక గుడ్డ నీడైనా పెట్టుకోమంటాను, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చార్జింగ్ పిన్ తీసెయ్యమంటాను.

ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ చూడండి. 80 కంటే తక్కువుంటే బ్యాటరీ మార్పించుకోండి. ఎక్కువ ఆండ్రాయిడ్ ఫోన్లకి వెయ్యి నుంచి మూడు వేల లోపు అవుతుంది, ఐఫోన్లకి అంతకంటే ఎక్కువ. వీలైతే కంపెనీ సర్వీస్ సెంటర్లోనే వేయించండి. నా షాపుకే రమ్మని నేను అనను. వెనక మూత పైకి లేచి, స్క్రీన్ అంచు విడిపోతుంటే బ్యాటరీ ఉబ్బినట్టు. ఆ రోజే చార్జింగ్ ఆపేసి తీసుకురండి.

దీని గురించి ఇంత చెప్పడానికి నాకో కారణముంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు మా అక్కావాళ్ళు మేడ మీద ఉండిపోయారు. కరెంటు లేదు. మా బావ ఫోన్ మూడేళ్ళది. 40 శాతం చూపిస్తూనే ఠక్కున ఆగిపోయింది, మళ్ళీ లేవలేదు. మేనల్లుడి ఫోన్ ఒక్కటే మిగిలింది. రోజుకి మూడుసార్లు ఆన్ చేసి "బాగానే ఉన్నాం మావయ్యా" అని చెప్పి ఆపేసేవాడు. ఆ మాటకీ మాటకీ మధ్య గంటలు ఎలా గడిచాయో నాకు తెలుసు. బ్యాటరీ వేసిపెట్టమని బావ వేసవిలోనే అడిగాడు. వచ్చినప్పుడు చూద్దాంలే బావా అన్నాను. అప్పటి నుంచి బ్యాటరీ పనిని ఎవరికీ వాయిదా వెయ్యట్లేదు.

నాది 50 మెగాపిక్సెళ్ళ కెమెరా. 108 ఉన్నదానికి మారితే ఫొటోలు రెట్టింపు బాగుంటాయా?

ఉండవు. 108 మెగాపిక్సెళ్ళ ఫోన్ మామూలుగా తీసే ఫొటో 12 మెగాపిక్సెళ్ళే. తొమ్మిది చిన్న పిక్సెళ్ళని కలిపి ఒకటి చేస్తుంది. 50 మెగాపిక్సెళ్ళది నాలుగేసి కలిపి పన్నెండున్నర చేస్తుంది. అంటే రెండూ దాదాపు ఒక్కచోటికే వచ్చి ఆగుతాయి. ఫొటో బాగుండటానికి పని చేసేవి సెన్సర్ సైజు, లెన్స్, చేతి వణుకుని సర్దే ఓఐఎస్, ఆ తర్వాత ఫోన్ చేసే ప్రాసెసింగ్.

ఒక్కటి చెయ్యండి. షాపులో డెమో ఫోన్‌తో లైట్ల కింద తీస్తే అన్నీ బాగానే ఉంటాయి. మీ ఫోన్‌తో రాత్రి ఎనిమిదింటికి ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద, కదులుతున్న పిల్లల్ని తీసి చూడండి. అది అలుక్కుపోతుంటే మీకు కెమెరా అవసరమే. ఆ ఒక్క పరీక్షకి నిలబడే ఫోన్ కొనండి. అంతకుముందు లెన్స్ అద్దాన్ని ఒకసారి మెత్తటి గుడ్డతో తుడవండి. మసక ఫొటోలని తెచ్చినవాళ్ళలో చాలామందికి నేను చేసింది అదే.

8+8 జీబీ ర్యామ్ అని రాశారు. అంటే 16 జీబీ అన్నట్టేగా?

కాదు. మొదటి 8 మాత్రమే ర్యామ్. రెండో 8 స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చిన చోటు, ర్యామ్ కంటే చాలా నెమ్మది. పైగా మీ స్టోరేజ్ ఆ మేరకు తగ్గుతుంది. ఆ రెండో అంకె చూసి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

ఏఐ ఫీచర్ల కోసం మార్చమంటారా?

తొందరపడకండి. గెలాక్సీ ఎస్24తో 2024 జనవరిలో ఏఐ ఫీచర్లని గొప్పగా విడుదల చేశారు. రెండు నెలలకే వాటిలో చాలావరకు అప్‌డేట్ రూపంలో ఎస్23కి కూడా వచ్చాయి. జనవరిలో ఆ ఫీచర్ల కోసమే మారినవాళ్ళు మార్చిలో ఏమనుకున్నారో నాకు తెలుసు, ఇద్దరు నాతోనే అన్నారు. గూగుల్ జెమినై యాప్ 2024 జూన్ నుంచి తెలుగులో కూడా దొరుకుతోంది, దానికి ఖరీదైన ఫోన్ అక్కర్లేదు. ఐఫోన్ వాళ్ళకి మాత్రం ఆపిల్ ఇంటెలిజెన్స్ కావాలంటే 15 ప్రో గానీ ఆ తర్వాతవి గానీ ఉండాలి. అది లేక మీ పని ఏదైనా ఆగిందేమో మీరే చూసుకోండి. ఆగలేదంటే మారక్కర్లేదు.

నా ఫోన్‌కి అప్‌డేట్లు ఆగిపోయాయి. వాడొచ్చా?

ఇక్కడ నేను మార్చమనే చెబుతాను. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, దాంట్లో ఆండ్రాయిడ్ వెర్షన్ నొక్కితే సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కనిపిస్తుంది. ఆ తేదీ ఏడాది దాటి పాతదై, ఇక అప్‌డేట్లు రావని కంపెనీయే చెప్పేసి ఉంటే, ఆ ఫోన్లో బ్యాంకు యాప్, యూపీఐ పెట్టుకోవడం నాకు నచ్చదు. బయటపడిన లోపాలు పూడ్చేవాళ్ళు ఉండరు. ఫోన్ పైకి నిగనిగలాడుతున్నా సరే. పాటలకి, పిల్లల పాఠాలకి వాడుకోండి, డబ్బు మాత్రం వేరే ఫోన్‌కి మార్చండి.

కొత్తది కొనేటప్పుడు అప్‌డేట్లు ఎన్నేళ్ళిస్తారన్నది ధర తర్వాత నేను చూసే మొదటి విషయం. గూగుల్ పిక్సెల్ 8 నుంచి, సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24 నుంచి ఏడేళ్ళు ఇస్తామన్నారు. ఎస్23కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఐదేళ్ళే. కెమెరా అంకెల్లో ఏమీ మారని ఆ రెండు మోడళ్ళ మధ్య అసలైన తేడా ఇదే అంటాను, ప్రకటనల్లో దీన్ని చిన్న అక్షరాల్లో వేసినా. తక్కువ ధర ఫోన్లలో ఇది మోడల్‌ని బట్టి బాగా మారుతుంది, కొనేముందు అడిగి తెలుసుకోండి.

5జీ లేదు. మార్చాలా?

మన గుంటూరు, విజయవాడల్లో జియో 5జీ 2022 డిసెంబరులో మొదలైంది. అయినా 4జీ ఫోన్ ఏమీ ఆగిపోలేదు. కాల్స్, యూపీఐ, వీడియోలు అన్నీ నడుస్తాయి. ఫోన్‌తో ఇంట్లో లాప్‌టాప్‌కి నెట్ ఇచ్చుకునేవాళ్ళకి 5జీ బాగా పనికొస్తుంది. దాని ఒక్కదాని కోసమే బాగున్న 4జీ ఫోన్ మార్చకండి, ఎలాగూ మారుస్తుంటే 5జీదే తీసుకోండి.

నో కాస్ట్ ఈఎంఐ ఉంది. నెలకి ఐదు వేలే. తీసుకోవచ్చా?

నెలకి ఐదు వేలు ఎన్ని నెలలు? ముందు అది అడగండి. 30,000 ఫోన్‌ని ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐలో తీసుకున్నారనుకుందాం. బ్యాంకు వడ్డీ 16 శాతం అయితే ఆరు వాయిదాల్లో కలిసి ఉన్న వడ్డీ సుమారు 1,350 రూపాయలు. అంత మొత్తాన్ని ముందే ధరలో తగ్గించి చూపిస్తారు కాబట్టి వడ్డీ లేనట్టు కనిపిస్తుంది. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, అంటే 240 పైచిలుకు. ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది.

ఈ అదనం పెద్ద మొత్తం కాదు, ఒప్పుకుంటాను. నాకు బాధ కలిగించేది ఇంకొకటి. రొక్కం ఇచ్చి కొనేటప్పుడు పదిహేను వేల దగ్గర ఆగే మనిషి, వాయిదా అనగానే ముప్పై వేల దగ్గరకి వెళ్తాడు. ఈఎంఐ మూడోది కట్టలేక, బాక్సు కూడా పాతబడని ఫోన్‌ని నా దగ్గర సగం ధరకి అమ్మిన పిల్లల్ని చూశాను. ఫోన్ పోయింది, వాయిదాలు మాత్రం ఉండిపోయాయి. నెల జీతంలో అద్దె, సరుకులు, ఫీజులు పోగా మిగిలేదాంట్లోంచి కట్టగలిగితేనే తీసుకోండి.

దసరా ఆఫర్ల దాకా ఆగాలా?

ఫోన్ నడుస్తుంటే ఆగండి. కొత్త మోడల్ రాగానే పాతదాని ధర తగ్గడం మామూలే. 2025 సెప్టెంబరులో ఐఫోన్ 17 రాగానే 16 ధరని 79,900 నుంచి 69,900కి తగ్గించారు. పోయినేడాది మోడల్ సీల్డ్ పీస్ ఆ టైములో తీసుకోవడం చాలాసార్లు మంచి బేరం. అప్‌డేట్లలో ఒక ఏడాది తగ్గుతుందని గుర్తుపెట్టుకోండి. కానీ ఆగితే ఎప్పుడూ తగ్గుతుందన్న నమ్మకం 2025 చివరి నుంచి కొంచెం సడలింది, మెమరీ చిప్‌ల ధరలు పెరిగి కొన్ని ఫోన్ల రేట్లు పైకి వెళ్ళాయి. కాబట్టి ఫోన్ నిజంగా చచ్చిపోయినవాళ్ళు ఆఫర్ కోసం నెలల తరబడి ఇబ్బంది పడక్కర్లేదు.

మా అబ్బాయి ఇంటర్లో చేరుతున్నాడు. ఐఫోనే కావాలంటున్నాడు, అదీ ఈ ఏడాదిదే. ఏం చెయ్యమంటారు?

జూన్ నెలంతా నన్ను అడిగేది ఇదే. తల్లిదండ్రులు పక్కనుంటే పిల్లవాడు తల దించుకుని నిలబడతాడు. వాణ్ణి నేను తప్పు పట్టను. తోటివాళ్ళ చేతిలో ఉన్నది వాడికీ కావాలనిపిస్తుంది. నేను వాణ్ణే అడుగుతాను, "నాన్నా, ఇప్పుడున్న ఫోన్లో నీకు ఏ పని అవట్లేదు?" అని. కొందరు నిజంగానే చెబుతారు, క్లాసు వీడియోలకి స్టోరేజ్ సరిపోవట్లేదనో, స్పీకర్ పాడైందనో. దానికి పరిష్కారం చూద్దాం. కొందరు ఏమీ చెప్పలేక నవ్వేస్తారు. హాస్టల్లో వేస్తుంటే చాలా కాలేజీల్లో ఫోన్ అనుమతే ఉండదు, రెండేళ్ళు బీరువాలో ఉండే ఫోన్‌కి ఇప్పుడు డబ్బెందుకు? అదే డబ్బు బ్యాంకులో వేసి, ఇంజనీరింగ్‌లో చేరేటప్పుడు లాప్‌టాప్‌కి వాడదామని వాడి ముందే చెప్పండి. వాడితో కలిసి లెక్క వేయండి. వద్దు అని కసిరేసినదానికంటే ఆ లెక్క వాడికి బాగా ఎక్కుతుంది, నేను చాలాసార్లు చూశాను.

స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత వచ్చింది. మార్చేయాలా, డిస్‌ప్లే వేయించాలా?

పచ్చగీత అమోలెడ్ స్క్రీన్లలో వచ్చే జబ్బు. నా సొంత ఫోన్‌కే వారంటీ అయిపోయిన రెండు నెలలకి వచ్చింది, సర్వీస్ సెంటర్లో మూడుసార్లు తిప్పించుకున్నారు. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్ళకి వారంటీ దాటినా ఉచితంగా మార్చాయి, ముందు అది కనుక్కోండి. తిప్పించుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

డబ్బు పెట్టాల్సి వస్తే నా లెక్క ఇది. ఫోన్‌ని ఈ రోజు అమ్మితే ఎంత వస్తుందో చూసుకోండి, పాడవక ముందున్న ధర. డిస్‌ప్లే ఖర్చు అందులో సగం లోపైతే వేయించండి. దాటితే ఆ డబ్బు కొత్తదానికి కలుపుకోండి. చవకగా వచ్చే డూప్లికేట్ కాంబో (డిస్‌ప్లే, టచ్ కలిపి ఉండే సెట్టు) వద్దు. రంగులు వెలిసిపోయినట్టుంటాయి, టచ్ తడబడుతుంది, ఆర్నెల్లకి మళ్ళీ వస్తారు.

వాటర్‌ప్రూఫ్ కోసం మారొచ్చా?

ఐపీ68 అంటే కొత్త ఫోన్‌ని నిలకడగా ఉన్న మంచినీళ్ళలో పరీక్షించారని అర్థం. వాడేకొద్దీ, కిందపడేకొద్దీ సీల్ సడలుతుంది. నీళ్ళు పోతే ఎక్కువ కంపెనీల వారంటీ వర్తించదు. వానలో పది రూపాయల ప్లాస్టిక్ కవరే నమ్మకం.

కొత్తదాని బదులు సెకండ్ హ్యాండ్ మంచి ఫోన్ తీసుకుంటే?

నాకిష్టమైన దారి ఇదే, జాగ్రత్తగా చూసుకుంటే. బాక్సు, బిల్లు లేకుండా తీసుకోవద్దు. *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరు బాక్సు మీదున్న దానితో కలవాలి. తర్వాత కేవైఎం అని ఇంగ్లీషులో టైపు చేసి, ఖాళీ వదిలి ఆ 15 అంకెలూ కొట్టి 14422కి మెసేజ్ పంపండి, లేదా ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో చూడండి. బ్లాక్ లిస్టులో ఉందని వస్తే ఎంత తక్కువకిచ్చినా ముట్టుకోకండి, అది ఎవరో పోగొట్టుకున్న ఫోన్ అయి ఉండొచ్చు. అమ్మే మనిషి మీ ముందే తన గూగుల్ అకౌంట్ లేదా ఆపిల్ ఐడీ తీసేసి రీసెట్ చేయాలి. ఆ తర్వాతే డబ్బివ్వండి.

కొత్తది కొనేశాను. పాతదాన్ని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చెయ్యనా?

ఎంతిస్తున్నారో చూసి చెప్పండి. రెండు మూడు వేలకే అడుగుతుంటే ఇవ్వకండి. కొత్త బ్యాటరీ వేయించి ఇంట్లో అమ్మకో, ఊళ్ళో ఉన్న నాన్నకో ఇవ్వండి. లేదా ఓటీపీలు వచ్చే సిమ్‌కి విడిగా ఉంచుకోండి.

ఇచ్చేస్తుంటే ముందు ఫొటోలు, వాట్సాప్ చాట్లు, పరిచయాల నంబర్లు బ్యాకప్ తీసుకోండి. అకౌంట్లు లాగౌట్ అయి, రీసెట్ కొట్టి, సిమ్, మెమరీ కార్డు తీశారో లేదో ఇంకోసారి చూసుకోండి. మెమరీ కార్డు మర్చిపోయి ఇచ్చేసి, పాప మొదటి పుట్టినరోజు ఫొటోల కోసం మూడు రోజులు షాపుల చుట్టూ తిరిగిన దంపతులు నాకు తెలుసు. ఆఖరికి నా పక్క షాపు బాబాయ్ డ్రాయరులో, స్క్రూల డబ్బా అడుగున దొరికింది. ఆయన అప్పటి నుంచి వచ్చిన ప్రతి ఫోన్ సిమ్ ట్రే బయటికి లాగి చూశాకే బాక్సులో వేస్తున్నాడు.